లోగోకి డబ్బులిచ్చి రెండేళ్ళయింది, ఓపెన్ ఫైల్ అడిగితే ఇంకో 8 వేలు అంటున్నాడు

తాండ్రక్క (కొర్లగుంట, తిరుపతి) – సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పొడుగు, ఓపిక పట్టండి.

మాది ఇంట్లో పెట్టుకున్న చిన్న వ్యాపారం. మామిడి తాండ్ర, మాగాయ, ఉసిరికాయ పచ్చడి. సీజన్‌లో దామలచెరువు నుంచి కాయ తెచ్చుకుంటాం. రెండేళ్ళ కిందట ఫ్రీలాన్స్‌గా చేసే ఒక అబ్బాయితో లోగో, సీసా లేబుల్ చేయించినా. లోగోకి 5 వేలు, లేబుల్‌కి 2,500. ఫోన్‌పేలో కొట్టేసినా. వాట్సాప్‌లో జేపీజీ పంపినాడు. బాగుంది, పని అయిపోయింది అనుకున్నా. బోర్డు వేయించినాం, స్టిక్కర్లు వేయించినాం, ఎక్కడా పేచీ రాలేదు.

ఇప్పుడు తాండ్రకి ప్రింటెడ్ పౌచ్ వేయిద్దామని చెన్నైలో ఒకరికి ఆ జేపీజీ పంపితే ‘మేడమ్, ఓపెన్ ఫైల్ కావాలి, దీంతో సిలిండర్ చేయలేం’ అన్నారు. ఓపెన్ ఫైల్ అంటే ఏందో నాకు తెలీదు. ఆ అబ్బాయిని అడిగితే ‘అది వేరే అక్కా, దానికి 8 వేలు అవుతుంది’ అన్నాడు. మొత్తం పని 7,500కి చేసి, ఇప్పుడు ఫైలు ఒక్కదానికే 8 వేలంట! మా ఆయన గమ్మున ఇచ్చేయమంటాడు. నాకు మనసొప్పలేదు. నేను డబ్బిచ్చి చేయించుకున్న లోగో నాది కాదా?

బైపాస్_బిర్యానీ (తిరుపతి) – సోమవారం రాత్రి 10:05

8 వేలా! అక్కా, ఒక్క పైసా ఇవ్వొద్దు. ఏ డీటీపీ షాపుకి పోయినా 300కి ట్రేస్ కొట్టి, అంటే జేపీజీ మీదనే గీతలు మళ్ళీ గీసి ఇస్తారు. నా హోటల్ లోగో నేనే కాన్వా యాప్‌లో అరగంటలో చేసుకున్నా. ఈ డిజైనర్లంతా ఇంతే.

సీఎంవైకే_బాబు (గాంధీ రోడ్డు, తిరుపతి) – సోమవారం రాత్రి 11:20

ఆ 300 ట్రేస్ కొట్టేది మేమే కాబట్టి చెప్తా ఉండా. నేను ప్రెస్‌లో పదకొండేళ్ళుగా సిస్టమ్ మీద కూర్చుంటా.

అక్కా, మీ జేపీజీ ఎన్ని పిక్సెల్స్ ఉందో చూడండి. వాట్సాప్‌లో ఫొటోగా వచ్చింది కదా, 1080 బై 1080 ఉంటుందని నా అంచనా. ప్రింటుకి అంగుళానికి 300 చుక్కలు కావాల. 1080ని 300తో భాగిస్తే 3.6 అంగుళాలు. అంతకంటే పెద్దగా వేస్తే గీతల అంచులు మెట్లు మెట్లుగా కనిపిస్తాయి. మరి బోర్డు ఎట్లా బాగొచ్చింది అంటారా? ఫ్లెక్సు బోర్డును రోడ్డుకి అవతలి నుంచి చూస్తారు, పౌచ్‌ని కంటికి జానెడు దూరంలో పట్టుకొని చూస్తారు. అంతే తేడా.

ఓపెన్ ఫైల్ అంటే ఏం లేదు. బొమ్మ చుక్కలతో కాకుండా గీతలతో ఉండే ఫైలు. మేము వెక్టర్ అంటాం. అగ్గిపెట్టె మీద వేసినా, లారీ మీద వేసినా అంచు చెడదు. మన పక్క జాస్తి కోరల్‌డ్రా అనే సాఫ్ట్‌వేర్‌లో చేస్తారు, ఆ ఫైలు సీడీఆర్. ఇలస్ట్రేటర్‌లో చేస్తే ఆ ఫైలు ఏఐ. ఈపీఎస్, ఎస్‌వీజీ, వెక్టర్ పీడీఎఫ్ ఇవన్నీ కూడా నడుస్తాయి.

పౌచ్ సంగతి ఇంకా వేరే. గ్రేవ్యూర్‌లో, అంటే చెక్కిన సిలిండర్లతో అచ్చువేసే పద్ధతిలో, ఒక్కో రంగుకి ఒక్కో సిలిండర్ చెక్కుతారు. పారదర్శకంగా ఉండే ఫిల్మ్ అయితే వెనక తెల్ల సిరా కూడా ఒక రంగే, దానికీ ఒక సిలిండర్. తప్పు ఫైలుతో సిలిండర్ చెక్కించినారంటే మళ్ళీ చెక్కించాల్సిందే, రబ్బరుతో తుడిపేది కాదు. అందుకే చెన్నై వాళ్ళు ముందే ఆపినారు, మంచోళ్ళు.

ట్రేస్ గురించి: మెషిన్ తనంతట తాను కొట్టే ట్రేస్ మామిడికాయ ఆకారం దాకా పట్టుకుంటుంది. తెలుగు అక్షరాల దగ్గర దొరికిపోతుంది. తలకట్టు లావుగా, వట్రుసుడి చపాతీలాగా వస్తాయి. చేత్తో ఒక్కో వంపు దిద్దుకుంటా పోవాల. అది 300 పని కాదు.

గీతల_గిరి (గ్రీమ్స్‌పేట, చిత్తూరు) – మంగళవారం ఉదయం 7:15

నేను ఫ్రీలాన్స్ డిజైనర్‌ని, ‘వీళ్ళంతా ఇంతే’లో నేనూ ఉన్నా కాబట్టి రెండు మాటలు.

బిర్యానీ అన్నా, మీ హోటల్లో బిర్యానీ తిన్నాయన మసాలా కొలతల కాగితం కూడా ఇమ్మంటే ఇస్తారా? లోగో కోసం నలభై రకాలు గీస్తాం, మూడు చూపిస్తాం, ఒకటి మిగులుతుంది. ఆ కసరత్తంతా ఉండే ఫైలు మా వంటిల్లు. అది ఇవ్వాలని రూలేమీ లేదు, ఇస్తే దానికి వేరే ధర అడగడం తప్పూ కాదు.

కానీ అక్క అడుగుతున్నది వంటిల్లు కాదు. ఒప్పుకున్న ఆ ఒక్క లోగో, వెక్టర్‌లో. అది ఇవ్వకుండా జేపీజీ చేతిలో పెట్టి లోగో అయిపోయిందంటే సగం పనే చేసినట్టు. లోగో అంటేనే ఎక్కడైనా వేసుకోవాల్సింది కదా. ఇక్కడ నేను మా వాళ్ళని వెనకేసుకు రాను.

అయితే రెండేళ్ళ కిందట మీరు కూడా ఏ ఫైలు కావాలో అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఇద్దరూ ఫోన్లో ‘సరే అక్కా’, ‘సరే తమ్ముడూ’ అనుకున్నారు. 8 వేలు అన్యాయం. పాత హార్డ్ డిస్క్ వెతికి, ఫైళ్ళు తీసి సర్దినందుకు 2 వేలో, 3 వేలో అంటే న్యాయం. ఆ మాట మీద బేరం పెట్టండి.

తాండ్రక్క – మంగళవారం ఉదయం 8:02

బాబు తమ్ముడూ, చూసినా. 1080 బై 1080నే! నువ్వు మా ఇంట్లోకి తొంగిచూసినట్టుంది.

గిరి గారూ, మీరు చెప్పింది ఒప్పుకుంటా, నేను అడగలేదు. కానీ నా రెండో ప్రశ్న అట్లే ఉండాది. ఫైలు సంగతి పక్కన పెడితే, లోగో ఎవరిది?

నల్లకోటు (చిత్తూరు) – మంగళవారం మధ్యాహ్నం 2:30

కోర్టు భోజన విరామంలో రాస్తున్నాను, తప్పులుంటే మన్నించండి.

అమ్మా, మీకు నచ్చని జవాబే ఇది. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం బొమ్మ గీసినవాడే మొదటి హక్కుదారు. జీతానికి పనిచేసే ఉద్యోగి ఉద్యోగంలో భాగంగా గీస్తే యజమానిది అవుతుంది. ఫ్రీలాన్సర్ మీ ఉద్యోగి కాడు. డబ్బిచ్చి ఫొటో తీయించుకున్నా, పెయింటింగ్ వేయించుకున్నా, వేరే ఒప్పందం లేకపోతే హక్కు డబ్బిచ్చినవాళ్ళదేనని అదే సెక్షన్‌లో ఉంది. లోగో మాత్రం ఆ జాబితాలో పేరుపెట్టి లేదు. పెయింటింగే కదా అని వాదించొచ్చు. కానీ 5 వేల లోగోకి వాదన దాకా పోయే యోగం మీకెందుకు?

అంటే రేపటి నుంచి మీరు లోగో వాడకూడదని కాదు. వ్యాపారానికని చెప్పి చేయించుకున్నారు, డబ్బిచ్చారు, వాడుకోవడానికి అనుమతి ఉన్నట్టే. కానీ వాడుకోవడం వేరు, సొంతం కావడం వేరు. అద్దె ఇల్లు, సొంతిల్లు అనుకోండి.

సొంతం కావాలంటే రాతపూర్వకంగా బదిలీ చేయించుకోవాలి. 19వ సెక్షన్. ఆయన సంతకం ఉండాలి. వాట్సాప్‌లో ‘ఓకే అక్కా’ని సంతకం కింద లెక్కపెట్టుకోవద్దు. చాలామంది ‘సర్వ హక్కులూ ఇచ్చేశాను’ అని ఒక్క ముక్క రాయించుకొని సంతోషపడతారు. అక్కడే మూడు గోతులున్నాయి. ఎంతకాలానికో రాయకపోతే అయిదేళ్ళకే ఇచ్చినట్టు. ఎక్కడికో రాయకపోతే భారతదేశం వరకే. మూడోది చాలామందికి తెలియదు: బదిలీ తీసుకున్న హక్కును ఏడాదిలోగా వాడకపోతే, కాగితంలో వేరేగా రాసుకోకపోతే, ఆ మేరకు బదిలీ రద్దయిపోయినట్టే. మీ తాండ్ర అమెరికాలో మనవాళ్ళ కొట్లకు పోతుందనుకుంటే ఈ మూడూ రాయించాల్సిందే.

పాత పనికి ఇప్పుడు రాయించుకోవచ్చా అంటే, నిక్షేపంగా.

కాళహస్తి_కలం (శ్రీకాళహస్తి) – మంగళవారం సాయంత్రం 6:45

సార్, మా వైపు కథ కూడా వినండి. మేము కలంకారీ వేస్తాం, చేత్తో, వెదురు కలంతో. ఒక వస్త్ర దుకాణం వాళ్ళు శాంపిల్‌కని నెమళ్ళ బార్డరు గీయించుకున్నారు, 3 వేలు ఇచ్చినారు. ఆర్నెల్ల తర్వాత అదే నెమలి స్క్రీన్ ప్రింట్‌లో వందల చీరల మీద కనిపించింది. మా మేనత్త కూతురు పెళ్ళికి కట్టుకొచ్చిన చీర మీద నేను గీసిన నెమలే. తోక చివర నా చెయ్యి జారిన వంకర గీతతో సహా దిగింది. అడిగితే ‘డబ్బులిచ్చినాం కదా’ అన్నారు. అక్క అడిగిన మాటే అది, కోపం లేదు, ఊరికే చెప్తున్నా.

నల్లకోటు – మంగళవారం రాత్రి 9:10

మీ సంగతి ఇంకా మెలికది. బట్ట మీద అచ్చువేసే డిజైన్‌ను 2000 నాటి డిజైన్ల చట్టం కింద రిజిస్టరు చేయించుకునే వీలుండి కూడా చేయించకపోతే, హక్కుదారు గానీ, ఆయన అనుమతితో మరొకరు గానీ యంత్రాల మీద యాభైకి మించి తీయగానే దాని మీద కాపీరైట్ పోతుంది. కాపీరైట్ చట్టంలోనే 15వ సెక్షన్‌లో ఉంది. మీరు అనుమతి ఇవ్వలేదు కాబట్టి మీకింకా మాట మిగిలి ఉందని నా అభిప్రాయం. కాగితాలు పట్టుకొని ఎవరినైనా కలవండి. ఇకముందు శాంపిల్ మీదే ‘శాంపిల్ మాత్రమే, అచ్చుకు అనుమతి లేదు’ అని రాసి, తేదీ వేసి, ఫొటో తీసి పెట్టుకోండి.

బైపాస్_బిర్యానీ – మంగళవారం రాత్రి 9:32

సార్, మరి నా కాన్వా లోగో నాదేనా?

గీతల_గిరి – మంగళవారం రాత్రి 9:50

టెంప్లేట్ (రెడీమేడ్ నమూనా) తీసుకొని పేరు మార్చినారా, లేక ఖాళీ పేజీ మీద గీతలు, అక్షరాలతో మీరే కట్టినారా? టెంప్లేట్ అయితే అదే పొయ్యి, అదే పొగ ఇంకో ఊళ్ళో హోటల్ వాడు కూడా పెట్టుకోవచ్చు. అందులోని రెడీమేడ్ బొమ్మలతో చేసిన లోగోని మీ ఒక్కరి ట్రేడ్‌మార్కుగా పట్టుకోవడానికి వాళ్ళ షరతులే ఒప్పుకోవు.

బైపాస్_బిర్యానీ – మంగళవారం రాత్రి 9:54

టెంప్లేటే 🙂

నల్లకోటు – మంగళవారం రాత్రి 10:15

ట్రేడ్‌మార్కు మాట వచ్చింది కాబట్టి తాండ్రక్క గారికి ఒక ముక్క. కాపీరైట్ బొమ్మకి, ట్రేడ్‌మార్కు వ్యాపారానికి. రెండూ వేరు. ట్రేడ్‌మార్కులో సరుకుల రకాన్ని క్లాసు అంటారు, ఊరగాయలు 29వ క్లాసులోకి వస్తాయి. ఒక వ్యక్తి పేరు మీద ఆన్‌లైన్‌లో వేస్తే క్లాసుకి 4,500 ఫీజు. మన రాష్ట్రానికి చెన్నై రిజిస్ట్రీ. వస్తే పదేళ్ళు, ఆపైన రెన్యూవల్. లోగో బొమ్మతో కలిపి వేసేముందు బొమ్మ బదిలీ కాగితం చేతిలో ఉంచుకోండి.

ఇంకొకటి, తిరుపతిలో ఉన్నాం కాబట్టి చెప్పాలి. ప్రతివాళ్ళూ నామం బొమ్మో, స్వామి పేరో పెట్టి అది తమ ఒక్కరికే కావాలంటారు. మత విశ్వాసాలను నొప్పించే గుర్తులను ట్రేడ్‌మార్కుల చట్టం 9వ సెక్షన్ ఒప్పుకోదు. ‘రామాయణ్’ అనే పేరు అగరుబత్తీలకు ఒక్కరి సొంతం కాదని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. మామిడికాయ పెట్టుకున్నారు, మంచి పని చేశారు.

తాండ్రక్క – గురువారం సాయంత్రం 5:20

గిరి గారు చెప్పినట్టే మాట్లాడినా. అరవలేదు. ‘నీ కష్టం ఊరికే వద్దు తమ్ముడూ, ఫైళ్ళు తీసిచ్చినందుకు 3 వేలు ఇస్తా’ అన్నా. ఒప్పుకొని ఏఐ ఫైలు మెయిల్ చేసినాడు. 3 వేలు వేసేసినా. అమ్మయ్య!

సీఎంవైకే_బాబు – గురువారం సాయంత్రం 5:41

అయ్యో అక్కా, తెరిచి చూడకుండా వేసేసినారా? నాకు పంపండి.

సీఎంవైకే_బాబు – గురువారం రాత్రి 8:15

చూసినా. చెప్పడానికి నోరు రావడం లేదు. ఫైలు పేరు చివర ఏఐ ఉంది, లోపల ఉన్నది అదే జేపీజీ. ఫొటో ఫ్రేము కట్టినట్టు ఏఐలో పెట్టి సేవ్ చేసినాడు. అక్షరాల మీద క్లిక్ చేస్తే బొమ్మంతా ఒకే చెక్కలాగా కదులుతుంది.

అందరూ ఈ పరీక్ష నేర్చుకోండి, సాఫ్ట్‌వేర్ కూడా అక్కర్లేదు. పీడీఎఫ్ అడిగి తీసుకొని, ఫోన్లోనో కంప్యూటర్లోనో ఎంత వీలైతే అంత, వెయ్యి శాతం దాకా పెద్దది చేయండి. అంచు కత్తితో కోసినట్టుంటే వెక్టర్. గళ్ళు గళ్ళుగా, మసకగా ఉంటే ఫొటో. ఆ తర్వాతే ఫోన్‌పే తెరవండి.

తాండ్రక్క – శుక్రవారం ఉదయం 10:30

ఫోన్ చేసినా. ముందు ‘సిస్టమ్ పోయింది’ అన్నాడు, తర్వాత ‘వర్షన్ ప్రాబ్లం’ అన్నాడు. గట్టిగా అడిగితే నిజం బయటపడింది. లోగోలో ఉండే మామిడికాయ ఆయన గీసింది కాదంట! నెట్‌లో ఉచితంగా దొరికిన బొమ్మ. దానికి రంగు మార్చి, పక్కన పేరు టైప్ చేసినాడు. అందుకే 8 వేలు అంటే నేనే వదిలేస్తానని అట్లా చెప్పినాడంట. పాపం ఏడుపు గొంతు. అప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం చదువుతా ఉన్నాడంట.

గీతల_గిరి – శుక్రవారం ఉదయం 11:05

నాకు ముందే అనుమానం వచ్చింది, అనకూడదని ఆగినా. ఫ్రీపిక్ లాంటి సైట్ల షరతుల్లోనే ఉంటుంది, లోగోలకి వాడొద్దని. తనది కాని బొమ్మను ఆయన మీకు ఎట్లా రాసిస్తాడు? రాసిచ్చినా చెల్లదు. అదే మామిడికాయ ఎన్ని పచ్చడి సీసాల మీద ఉందో ఎవరికి తెలుసు.

అక్షరాలు ఏ ఫాంటో కూడా అడగండి. ఫాంటు కొనుక్కున్నది ఆయనైతే ఆ ఫాంటు ఫైలు మీకు ఇవ్వడానికి ఉండదు. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మండలి, ధూర్జటి ఇట్లాంటివి ఉన్నాయి, వ్యాపారానికి కూడా ఉచితమే. మన కాళహస్తి కవి పేరుతో ఫాంటుందని నాలుగైదేళ్ళు దాన్ని వాడుతూ కూడా నేను గమనించనేలేదు.

చంద్రగిరి_చిన్నోడు – శుక్రవారం మధ్యాహ్నం 1:18

నేను ఇప్పుడే మొదలుపెట్టినా, నెలకి రెండు మూడు లోగోలు వస్తాయి. ఈ పోస్టులు చదువుతుంటే భయం వేస్తోంది. నేను కూడా రెండింట్లో నెట్ బొమ్మలే వాడినా. ఏం చేయాలి?

గీతల_గిరి – శుక్రవారం మధ్యాహ్నం 1:40

ఇప్పుడే ఫోన్ చేసి చెప్పు, ఉచితంగా మళ్ళీ గీసిస్తానను. వాళ్ళు పౌచ్ వేయించినాక తెలిస్తే సిలిండర్ల డబ్బు నిన్నే అడుగుతారు. ఇకనుంచి రేటు చెప్పేటప్పుడే రాసి పంపు: ఇన్ని నమూనాలు, ఇన్నిసార్లు మార్పులు, చివర్లో ఈ ఫైళ్ళు, సగం అడ్వాన్సు, మిగతా సగం ముట్టినాక హక్కుల కాగితం. నేను సంతకం పెట్టేది ఆఖరి రూపాయి వచ్చినాకే. డబ్బులు ఎగ్గొట్టేవాళ్ళకి అదొక్కటే మందు.

నల్లకోటు – శుక్రవారం రాత్రి 9:25

ఆ కాగితం ఇలా ఉంటే చాలు. వాడుకోండి, ఫీజు అక్కర్లేదు:

‘ఈ కాగితానికి జతపరిచిన లోగోను నేనే గీశాను. ఇందులోని బొమ్మ మరెక్కడి నుంచీ తీసుకున్నది కాదు. అక్షరాలకు వాడిన ఫాంటు పేరు ఫలానా. నాకు రావలసిన ఇన్ని రూపాయలు ముట్టినందున, ఈ లోగో మీద నాకున్న కాపీరైట్ మొత్తాన్ని, అది అమల్లో ఉన్నంత కాలానికి, ప్రపంచమంతటా, అన్ని రకాల వాడకాలకూ ఫలానా వారికి బదిలీ చేస్తున్నాను. ఏడాదిలోగా వాడకపోయినా ఈ బదిలీ రద్దు కాదు.’

తేదీ, రెండు సంతకాలు, లోగో ప్రింటు మీద కూడా ఆయన సంతకం. బొమ్మ జతచేయకుండా ‘లోగో’ అని ఊరికే రాస్తే ఏ లోగో అని రేపు ప్రశ్న వస్తుంది. ఇంతా రాయించుకున్నా, గీసింది నేనేనని చెప్పుకునే హక్కు 57వ సెక్షన్ ప్రకారం ఆయనకే ఉంటుంది. దానివల్ల మీకు పోయేదేమీ లేదు.

తాండ్రక్క – తరువాతి గురువారం రాత్రి 8:50

ఆ అబ్బాయిని ఇంటికే పిలిపించినా. మా ఆయన కేసు పెడదామని ఎగిరినాడు గానీ, వాడి ముఖం చూసినాక కాఫీ ఇచ్చినాడు. బల్ల మీద ఒక తోతాపురి కాయ పెట్టి, దీన్ని చూసి గీయమన్నా. పాత లోగోలో ఉండింది గుండ్రటి కాయ, మన పక్క కాయే కాదు. మా తాండ్ర తోతాపురిది, దానికి చిలక ముక్కులాగా కొస ఉంటుంది. నాలుగుసార్లు గీసినాడు. అయిదోసారి ఆ ముక్కు కుదిరింది. రెండేళ్ళుగా పాతది వాడుకున్నామనే కానీ, ఇప్పుడు చూస్తే ఇదే మాది అనిపిస్తా ఉండాది.

పేరు రామభద్ర ఫాంటులో పెట్టించినాం. నల్లకోటు సార్ కాగితం మీద సంతకాలు అయిపోయినాయి. నేను ఇంకో వెయ్యి ఇచ్చినా, వద్దన్నాడు, జేబులో పెట్టినా.

సీఎంవైకే_బాబు – తరువాతి గురువారం రాత్రి 9:30

ఫైళ్ళు చూసినా అక్కా. ఈసారి పక్కా. సీడీఆర్ రెండు ఉన్నాయి, ఒకటి కర్వ్స్ కొట్టింది (అంటే అక్షరాలను గీతలుగా మార్చేసింది), ఒకటి అక్షరాలు దిద్దుకోడానికి వీలుండేది. రెండూ దాచుకోండి. కర్వ్స్ కొట్టినదాంట్లో పేరు మార్చాలంటే కుదరదు, కొట్టనిది వేరే సిస్టమ్‌లో ఫాంటు లేక గజిబిజిగా తెరుచుకుంటుంది. పాత వర్షన్‌లో కూడా సేవ్ చేయించినా, చాలా ప్రెస్‌లలో కొత్త కోరల్ ఫైలు తెరుచుకోదు. పీడీఎఫ్, పీఎన్‌జీ, ఒక్క నలుపుతో వేసుకునే లోగో కూడా ఉన్నాయి. వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి, ఫొటోగా కాదు.

పౌచ్ వెనక పదార్థాల పట్టిక, ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు ఉండే సన్న అక్షరాలు ఒక్క నలుపు సిరాలోనే ఉండాలని చెన్నై వాళ్ళకి చెప్పండి. ఇప్పుడున్న లేబుల్ ఫైల్లో ఆ నలుపు నాలుగు రంగులు కలిసి వచ్చింది. ప్రింటులో వెంట్రుకవాసి జరిగినా అక్షరం పక్కన ఎర్ర నీడ పడతాది. సిలిండర్ చెక్కకముందు ప్రూఫ్ (నమూనా ప్రింటు) తెప్పించుకొని, ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరులోని 14 అంకెలూ వేలు పెట్టి చదవండి. ఆకుపచ్చ కూడా స్క్రీన్ మీద ఉన్నంత మెరుపుగా రాదు, ప్రూఫ్ చూసి గాబరా పడొద్దు. సిలిండర్లకి డబ్బు మీరే కడతారు కాబట్టి అవి ఎవరివో, ప్రెస్ మారితే ఇస్తారో లేదో బిల్లు మీద రాయించుకోండి.

బైపాస్_బిర్యానీ – తరువాతి గురువారం రాత్రి 9:47

అక్కా, ఆ పిల్లోడి నంబరు ప్రైవేటుగా పంపుతారా? పొయ్యి గీయించాల.

సీఎంవైకే_బాబు – తరువాతి గురువారం రాత్రి 9:52

పౌచ్‌లు వచ్చినాక ఒకటి గాంధీ రోడ్డుకి పంపండక్కా, ప్రింటు ఎట్లా వచ్చిందో చూస్తా. ఖాళీది కాదు.